మూసిందా, తెరిచిందా

హనుమండ్లు వచ్చేలోపు తేల్చుకోవాలి. కొరియర్ సంచీ బండికి తగిలించుకుని మూడింటికల్లా వస్తానన్నాడు. రెండింట్లో ఒకటి డబ్బాలో పెట్టి ఇస్తే పట్టుకుపోతాడు, మిగిలింది నాది. చాప మీద వెల్లకిలా పడుకున్నాను. కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి, రెండూ నల్లవే, రెండూ చెవుల నిండా పెట్టుకునే హెడ్‌ఫోన్లే. కవలపిల్లల మధ్య పడుకున్న బాలింతలా ఉంది నా వాలకం. ఎటు తిరిగితే ఇంకోటి అలుగుతుందో అన్నట్టు కదలకుండా ఉన్నాను. ఓరగా వేసిన తలుపు అవతల, లోపలి గదిలో, మా ఆయన, మా పిల్ల నవనీత వాళ్ల బాపు, పడుకున్నాడు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున బొగ్గుబాయి నుంచి వచ్చాడు, స్నానం చేశాడు, ఇంత తిన్నాడు, పడుకున్నాడు. పడుకున్నాడనే అంటున్నాను గానీ నిద్రపోయాడని అనడంలేదు. ఆ సంగతి ఆ మనిషికీ ఆ మంచానికీ తెలియాలి. మంచం తలాపు సరిగ్గా తలుపు దగ్గరే ఉంటుంది, కంపెనీ క్వార్టరులో ఇంకెటు వేస్తే మాత్రం పడుతుంది గనక. అందుకే నేను ఊపిరి కూడా చూసుకుని తీస్తున్నాను.

రెండూ పంపింది నవనీతే. కరీంనగర్‌లో ల్యాబులో పనిచేస్తుంది, రోజంతా ఊరివాళ్ల రక్తం సీసాల్లో పట్టి, సాయంత్రం నాకు ఫోన్ చేసి నా రక్తం తాగుతుంది. "అమ్మా, రెండు పెట్టుకోని సూడు. ఏది మంచిగనిపిస్తే గది ఉంచుకో, ఇంకోటి వాపస్ ఇచ్చెయ్" అంది. రెంటికీ తేడా ఏందే అని అడిగితే, పిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "ఒకటి క్లోజ్డ్. డొప్పలు వెనక మూసి ఉంటయి. నీ పాట నీకే, పక్కనోళ్లకు ఇనరాదు, బయటి సప్పుడు నీకు రాదు. ఇంకోటి ఓపెన్. వెనక జాలీ ఉంటది. పాట ఇశాలంగ, ఇంట్ల ఎవలో కూసోని పాడినట్టు ఇనవడ్తది. గని సప్పుడు బయటికి కారుతది, బయటిది లోపలికొస్తది." ఎహె, కారే గిన్నె ఎవడన్న పైసలిచ్చి కొంటడా అన్నాను. పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ, "ఇంట్ల కూసోని ఇనేటోళ్లకు గదే మంచిదంటరమ్మా" అంది. ఎవరి ఇల్లు అని అడగాల్సింది. ఆ మాట చెప్పినవాళ్ల ఇంట్లో రాత్రి షిఫ్టు మనిషి ఉండి ఉండడు.

నా లెక్కకు మొదట మూసిందే సరైందనిపించింది. పగలు ఈయన ఇంట్లో ఉంటాడు, ఇంట్లోంచి చప్పుడు పుట్టకూడదు. పాట నా చెవులు దాటకూడదు. కానీ రాత్రి? రాత్రి ఈయన భూమి కింద ఉంటాడు, అప్పుడు నా చెవులు నావి కావు, బాయి సైరనువి. షిఫ్టు మారేటప్పుడు కూసే సైరన్ మామూలు సైరన్, దానికి కుక్కలు కూడా తల ఎత్తవు. వేళ కాని వేళ కూస్తేనే కాలనీ మొత్తం చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. ఒకసారి అలా కూసినప్పుడు రొట్టెల పిండి చేతులతోనే బాయి గేటు దాకా ఉరికాను, జుట్టంతా పిండి, చెప్పుల్లేవు. లోపలినుంచి ఈయన నడిచి వచ్చాడు, ఇంకొకాయన నడిచి రాలేదు. ఆ ఇంటావిడ నా పక్కనే నిలబడి ఉంది. నా మొహంలో సంబరం ఆమెకు కనబడకుండా పిండి చేతులు మొహానికి కప్పుకున్నాను. అప్పటినుంచి రాత్రిపూట చెవి దిండుకు ఆనించి పడుకోను, పైకే పెట్టుకుంటాను. రాత్రికి మూసింది పనికిరాదు, పగటికి తెరిచింది పనికిరాదు. నవనీత ఏమో ఒకటే ఉంచుకోమంటుంది.

ఏది మంచిగనిపిస్తే అదట. నాకేది మంచిగనిపిస్తుందో అడిగిన మనిషి లేకపోయేసరికి మనసులో ఆ అరలో ఏముందో నాకే తెలియదు. ఈ ఇంటికి వచ్చిననాటినుంచి నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, చప్పుడు కాకుండా బతకడం. మా కాలనీలో ఎవరి గోడమీద బూట్లు ఎండకు ఆరేసి ఉంటే ఆ ఇంట్లో రాత్రి షిఫ్టు మనిషి పడుకున్నాడని గుర్తు. కూరగాయల బండివాడు కూడా బూట్లు చూసి గొంతు మింగుకుని దాటిపోతాడు, కొత్తవాడెవడైనా అరిస్తే నేను బయటికొచ్చి చేతులతోనే తిడతాను. నా చేతుల తిట్లు ఈ గల్లీలో అందరికీ అర్థమవుతాయి. మిక్సీ సాయంత్రమే. గిన్నెల కింద బట్ట. కుక్కర్ కూత పెట్టబోయే ముందు ఒక రకంగా వణుకుతుంది, ఆ వణుకు పట్టుకుని, గరిటెతో బరువు మెల్లగా ఎత్తి, ఆవిరి వదిలి, మళ్లీ దించుతాను. ఎంత వంట చేసినా మా ఇంట్లో పగలు కుక్కర్ కూత వేసి ఎరగదు. నవనీత నడక నేర్చినప్పుడు బోథ్‌లోని నా పుట్టింటి నుంచి మా అవ్వ మనవరాలికి వెండి పట్టీలు తెచ్చింది, గజ్జెలవి. పగలు విప్పేదాన్ని, ఈయన లేచాక సాయంత్రం తొడిగేదాన్ని. ఆ పిల్లకు సాయంత్రం అయిందని తెలిసేది పొద్దు గుంకితే కాదు, కాళ్లు మోగితే. పట్టీలు తొడగగానే ఇల్లంతా ఉరికేది, పగలంతా దాచుకున్న ఉరుకుడు ఒకేసారి. ఇప్పటికీ అది పిల్లిలా నడుస్తుంది, ల్యాబులో వెనకనుంచి వస్తే అందరూ ఉలిక్కిపడతారట. నవ్వుతూనే చెబుతుంది గానీ ఆ మాటకు నాకు నవ్వు రాదు.

ఇంత చేసినా ఈయనకు నిద్ర లేదు. అసలు బాధ అదీ. ఎండాకాలం మొదట్లో లోపలి గది ఫ్యాను మార్పించాను. పాతది తిరిగిన ప్రతిసారీ కటకట, కటకట, మధ్యలో ఒక కీచు, దాన్ని వింటే నాకే ఒళ్లు మండేది, పాపం ఈయన ఎట్లా భరిస్తున్నాడో అనుకునేదాన్ని. కొత్తది తిరుగుతుందో ఆగిందో తలెత్తి చూస్తే తప్ప తెలియదు. బిగించిన రోజు గుడికి పోయివచ్చినంత తృప్తిగా ఉండె నాకు. ఆ తరువాతే ఈయన కళ్లు ఎర్రబడటం మొదలైంది. కొత్త ఫ్యానుతో కూడా ఇట్లా ఉంటే పాతదానితో ఏమైపోయేవాడో అని నాలో నేనే అనుకున్నాను. పోయిన నెలలో బాయిలో దిమ్మెకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునికాడట. జోడీగా పనిచేసే కైలాసం చూసి భుజం పట్టి లేపాడు. తెల్లారి కైలాసం మా గేటు దగ్గర బండి ఆపి, దిగకుండానే, "వదినె, అన్నకు నిద్ర సాలుతలేదు. పైన కునికితె నవ్వుతరు, కింద కునికితె పానం పోతది. జర సూడు" అని వెళ్లిపోయాడు. జర చూడటమేమిటి, ఆ రోజునుంచి అన్నీ బంద్ చేశాను. వంటింట్లో పొయ్యి పక్కన ఫోన్ పెట్టుకుని, చిన్నగా, పప్పు ఉడుకుతున్నంత చిన్నగా పాటలు వినేదాన్ని, అదీ బంద్. ఫోన్లో నా గొంతు ఎండిపోయినట్టుందని నవనీత గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను. వారం తిరక్కముందే ఈ రెండు డబ్బాలు వచ్చాయి. కూతురనే మాటకు న్యాయం చేసింది గానీ, నా మెడకు మళ్లీ ఒక లెక్క తగిలించింది.

ముందు మూసిందే పెట్టుకున్నాను. మెత్తటి డొప్పలు చెవుల చుట్టూ వచ్చి కూర్చున్నాయి, అంతే, ఇల్లు పోయింది. పిట్టల కిచకిచ పోయింది, దూరంగా బొగ్గు బండి డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకునే మోత పోయింది, పక్క క్వార్టరు వాళ్ల నల్లా కారడం పోయింది. ఇదెక్కడో నాకు తెలిసిన చోటే. పాట ఇంకా పెట్టనేలేదు, నేను అప్పుడే బోథ్‌లో ఉన్నాను, మా ఇంట్లో పత్తి గదిలో. పత్తి ఏరి తెచ్చి గదినిండా కిటికీల దాకా పోసేవాళ్లు, బేరం కుదిరే దాకా ఆ గదిలో పత్తే కాపురం. నేను కిటికీలోంచి దూకేదాన్ని. దూకితే మెడదాకా మునిగి, ఇంకొంచెం దొర్లితే తల కూడా మునిగి, లోపల వెచ్చగా, గింజల వాసన, ఏ చప్పుడూ లేదు, నా గుండె చప్పుడు తప్ప. బయట అవ్వ పిలిచేది, పిలుస్తుందని తెలుస్తుంది గానీ ఏమని పిలుస్తుందో తెలియదు. ఒకసారి అందులోనే నిద్రపోయాను. గల్లీ గల్లీ వెతికి, బావుల్లోకి తొంగిచూసి, చివరికి పత్తిలోంచి నా కాలు బయటికి ఉంటే పట్టి గుంజి, రెండు దెబ్బలు వేసి, తర్వాత పట్టుకుని ఏడ్చింది అవ్వ. "ఎవలకు దొరకకుంట పోతవా? పోరివి, గట్ల పోతరా?" అని. పోతరా అంటే, పోవాలనిపించింది మరి. ఇప్పటికీ పోవాలనిపిస్తుంది. ఒక్క గంట ఎవరికీ దొరకకుండా, ఎవరి నిద్రకూ కాపలా కాయకుండా, ఎవరి ప్రాణానికీ చెవి అప్పగించకుండా. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు అది కావాలి.

పాట పెట్టాను. ఎప్పుడో పెళ్లికాక ముందు మా బాపు రేడియోలో విన్న పాట, వందసార్లు విన్నదే. కానీ ఇదివరకు ఎన్నడూ వినలేదనిపించింది. మాట ఎత్తుకునే ముందు ఆమె ఊపిరి తీసుకుంది. అబ్బ! ఆ ఊపిరి వినబడింది నాకు. వంటింట్లో పోపు మోతలో, ఎసరు మోతలో ఇన్నేళ్లూ పాట విన్నాను గానీ పాడే మనిషి బతికి ఉందని, ఊపిరి పీల్చుకుంటుందని తెలియదు. వెనకాల ఎవరో తబలా మీద అరచేయి రుద్దుతున్నారు, పక్కన ఎక్కడో చిన్న గంటలు, ఆమె గొంతులో చివర ఒక తడి. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారి, డొప్ప తడుస్తుందేమో, వాపస్ తీసుకోరేమో అని భయపడి తుడుచుకుని, మళ్లీ కళ్లు మూసుకున్నాను. పత్తి ఇంకా ఇంకా పైకి వచ్చింది. చాప లేదు, క్వార్టరు లేదు, నేను ఉన్నానో లేదో కూడా గట్టిగా చెప్పలేను. ఆమె ఊపిరి, నా ఊపిరి, ఒకరి తరువాత ఒకరం తీసుకుంటున్నాం. ఆమె ఆగితే నేను ఆగుతున్నాను. ఎండ కిటికీలోంచి వచ్చి నా పాదాల మీద కూర్చుంది, దానికి కూడా చప్పుడు లేదు.

అప్పుడు కూసింది సైరన్. ఎక్కడో అడుగునుంచి సన్నగా లేచి, పైకి పైకి. నేను లేచి కూర్చున్నానో నిలబడ్డానో తెలియదు, హెడ్‌ఫోన్ తల మీదినుంచి పీకి ఒళ్లో పడేశాను, చేతులు నిజంగా పిండి అంటుకుని ఉన్నట్టు చీరకు తుడుచుకుంటున్నాను. ఏమీ లేదు. పిట్టలున్నాయి. నల్లా కారుతోంది. ఒళ్లో పడిన డొప్పలోంచి చీమంత చప్పుడు, చెవి దగ్గర పెట్టి చూస్తే సన్నాయి. పాట మధ్యలో సన్నాయి ఎత్తుకున్నారు, అంతే. హారి నీ! పెళ్లి సన్నాయికి ఉలిక్కిపడి బాయి గేటుకు ఉరకబోయిన ఆడదాన్ని ఈ లోకంలో ఇంకెక్కడా చూడరు. పైగా ఎవరికోసం ఉరుకుతున్నాను? మనిషి తలుపు అవతలే ఉన్నాడుగా! పగటిపూట ఆ సైరన్‌తో నాకు పనే లేదు, అయినా నా చెవులు డ్యూటీ దిగవు. నవ్వు వచ్చింది, ఆ వెంటనే భయం వేసింది, నేను లేచిన అలికిడికి ఈయన లేచాడేమో అని. మునివేళ్ల మీద పోయి తలుపు సందులోంచి చూశాను.

కళ్లు తెరుచుకుని ఉన్నాడు. వెల్లకిలా పడుకుని, పైన చప్పుడు లేకుండా తిరుగుతున్న ఫ్యానును చూస్తున్నాడు. లోకంలో ఎవరూ లేని మనిషిలా చూస్తున్నాడు. నా నీడ పడిందేమో, టక్కున రెప్పలు మూశాడు. నిద్రపోయే మనిషి రెప్పలు ఎలా ఉంటాయో నాకు తెలియదా? ఆయన రెప్పలు కుక్కర్ బరువులా వణుకుతున్నాయి. నాకోసం నిద్ర నటిస్తున్నాడు. నేనూ చూడనట్టే వెనక్కి వచ్చేశాను. ఎంత ముచ్చటైన సంసారం చూడండి, ఆయన నిద్రపోతున్నట్టు ఉంటాడు, నేను లేనట్టు ఉంటాను. ఎన్నాళ్లనుంచి ఇలా నటిస్తున్నాడో! సాయంత్రం లేచాక తలకు నూనె రాస్తూ నిద్ర పట్టిందా అంటే, మంచిగ వట్టింది అంటాడు రోజూ. కైలాసం మాట గుర్తొచ్చింది. ఈ కళ్లతో ఈ రాత్రి మళ్లీ దిగుతాడు.

చాప మీద కూలబడ్డాను. పాటలూ వద్దు, హెడ్‌ఫోన్లూ వద్దు, రెండూ హనుమండ్లు మొహాన కొడదామనుకున్నాను. మళ్లీ నవనీత గొంతు, రెండు పెట్టుకోని సూడు అని. సరే పిల్లా, నీ మాట ఎందుకు తీసేయాలి. జాలీది తీసి పెట్టుకున్నాను. తేలిగ్గా ఉంది, పెట్టుకున్నట్టే లేదు, ఇంట్లో చప్పుళ్లన్నీ నాతోనే ఉన్నాయి. పాట పెట్టాను, బాగా తగ్గించి. వింత ఏమిటంటే ఆమె ఈసారి నా తలలో పాడటంలేదు. అదిగో, అక్కడ, కిటికీ దగ్గర ఎండలో కూర్చుని బియ్యం ఏరుతూ పాడుతున్నట్టుంది. ఆమె పాట పాడుతుంది, పిట్ట దాని మాట అది అంటుంది, నల్లా తాళం వేస్తుంది. తీసి చెయ్యి చాపినంత దూరం పెట్టి చూశాను. వినబడుతోంది! సీసాలో పెట్టిన తుమ్మెద మోగినట్టు సన్నగా, పాట అని తెలియదు గానీ ఏదో ఉందని తెలుస్తుంది. ఇంకా తగ్గించాను. ఇంక తగ్గిస్తే నాకే వినబడదు. ఎట్లాగూ ఈయన మేలుకునే ఉన్నాడు, మేలుకున్నవాడిని ఏం లేపుతాను అని ఒక మొండితనం వచ్చింది. ఆ మొండితనంతోనే పడుకున్నాను, తల తలుపువైపు పెట్టి.

బోథ్‌లో దీపావళి ముందు రాత్రులు. పత్తి చేను కాపలాకు మంచె మీద మా బాపు పక్కన పడుకునేదాన్ని. వాగు అవతలి గోండుగూడెంలో దండారి ఆట డప్పులు మోగేవి, తెల్లవార్లూ, దూరంగా, గాలి ఇటు తిరిగితే దగ్గరికి వచ్చి, అటు తిరిగితే సన్నబడి. బాపూ, గా సప్పుడు ఎప్పుడాగుతది అని అడిగితే, "అది ఆగకపోతేనే మంచిది బిడ్డా. అడివిల ఎవలో మేల్కోని ఉన్నరని మనకు తెలుస్తది, ఇగ మనం పండుకోవచ్చు" అనేవాడు. ఎవరో మేలుకుని ఉన్నారు. ఇగ మనం పండుకోవచ్చు. నేను ఈ కాలనీకి వచ్చిన కొత్తలో ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపానో, ఎందుకో అప్పుడు తెలియలేదు, కొత్తచోటు అనుకున్నాను. డప్పులు లేవు, అంతే. పాట డప్పుల్లో కలిసిపోయింది, డప్పులు ఎండలో కలిసిపోయాయి, బాపు చెయ్యి నా తలకింద ఉంది, గాలి ఇటు తిరిగింది, అటు తిరిగింది. పత్తి చేనంతా తెల్లగా పగిలి, వెన్నెలో పత్తో చెప్పలేకుండా ఉంది. వాగు గులకరాళ్లమీద గరగరమంటోంది. గరగరమని ఆగుతోంది, మళ్లీ గరగరమంటోంది. వాగు ఎక్కడన్నా ఆగి ఆగి పారుతుందా?

కళ్లు తెరిచాను. హెడ్‌ఫోన్ చెవులమీదే ఉంది, పాట నడుస్తూనే ఉంది, జాలీలోంచి ఆ గరగర లోపలికి వస్తోంది. గురక. మా ఆయన గురక! ఈ ఎండాకాలం మొదలైనప్పటినుంచి నేను మరిచిపోయిన గురక. మనిషి నిద్రపోయాడు, నిజంగా పోయాడు, ఈ కారే గిన్నె ఎక్కడ లేపుతుందో అని గబుక్కున ఫోన్ అందుకుని పాట ఆపేశాను. ఇల్లు నిశ్శబ్దమైంది. గురక ఆగింది. మంచం కిర్రుమంది.

"ఏమాయె? ఎందుకాగింది?" లోపలినుంచి ఈయన గొంతు, గాబరాగా.

తలుపు తోసుకుని పోయాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు, కాళ్లు కింద పెట్టి, చెప్పుల కోసం తడుముతూ.

"ఏందాగింది? ఏం లేదు, పండుకో."

"గదేనే, ఏదో సన్నగ మోగుతుండె గద. మంచిగ నిద్ర వట్టింది."

"అవ్వో! నీకు ఇనవడ్డదా? నేనే పాట వెట్టుకున్న. నేనే లేపిన్నా?"

"లేపలే. ఆపినవ్. ఆపితె లేచిన." మొహం తుడుచుకున్నాడు. చిన్నపిల్లాడిలా చెంప మీద దిండు ముడతలు. "బాయిల గాలిగొట్టే ఫ్యాను మోగుతనే ఉంటది, రోజా. అది మోగినంతసేపు ఫికర్ లేదు, మన పని మనం చేసుకోవచ్చు. ఆగిందా, ఉన్నది ఉన్నకాడ ఇడిసిపెట్టి పైకి నడువుడే. నా పానానికి గట్ల అలవాటయింది. ఇల్లు సడి లేకుంటుంటే కండ్లు మూతవడయి. ఏదో ఆగింది, లే, నడువు అన్నట్టుంటది."

కరెంటు పోయిన ప్రతిసారీ ఈయన దిగ్గున లేచి కూర్చునేవాడు. చెమటకు లేచాడనుకుని విసనకర్రతో విసిరేదాన్ని, అదీ చప్పుడు లేకుండా. పాత ఫ్యాను కటకట, మధ్యలో కీచు. వంటింట్లో పప్పు ఉడికినంత పాట. ఒక్కొక్కటే ఏరి, ఒక్కొక్కటే తీసి, ఆయన నిద్రను నా చేతులతోనే ఇంట్లోంచి బయటికి పంపాను. కోపం వచ్చింది నాకు, ముందు కోపమే వచ్చింది.

"మరి చెప్పొద్దా? నోట్లె ఏం వెట్టుకున్నవయ్యా ఇన్నొద్దులు? బాయిల కునికినవంటే నా పానం నిలవడ్డదా?"

"ఎట్ల జెప్పాలె?" తల దించుకున్నాడు. "నా కోసమని పోరి కాళ్ల పట్టీలు ఇప్పితివి. కూరగాయలోన్ని తిట్టితివి. గా కొత్త ఫ్యాను వెట్టిచ్చిన్నాడు నీ మొఖం ఎంత సంబురంగ ఉండె! జర సప్పుడు చెయ్యే అని ఏ నోటితోని చెప్పాలె?"

తిట్టడానికి నోరు తెరిచాను, ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూర్చున్నాను, నవ్వు వచ్చింది. మంచం పట్టె మీద ఆయన పక్కన కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను, తర్వాత కొంగు ఎందుకని తీసేసి నవ్వాను. ఆ గదిలో పగటిపూట నా నవ్వు ఎట్లుంటుందో గోడలకు కూడా కొత్తే. ఆయన కూడా నవ్వాడు, నవ్వి, ఆశగా, "పాత ఫ్యాను ఏం జేసినవ్?" అన్నాడు. ఇనుప సామాన్లోనికి ఏసిన అన్నాను. "అయ్యో" అన్నాడు, నిజంగానే, ఇంట్లో మనిషి పోయినట్టు. "పోనీ తియ్యి. గా పాటనన్న వెట్టు. ఏం పాటనో తెల్వలే గని, మంచిగుండె."

పాట పెట్టి, జాలీది మెడలో వేసుకుని, తలుపు దగ్గరే కూర్చున్నాను. ఒక పాట అయ్యేలోపే గరగర మొదలైంది.

హనుమండ్లు మూడు దాటాక వచ్చాడు. గోడమీద బూట్లు చూసి, బండి గల్లీ మొదట్లోనే ఆపి, నడిచి వచ్చి, గేటు దగ్గర గుసగుసగా "రోజక్కా" అన్నాడు. జాలీదాన్ని పాట ఆపకుండానే తలుపు దగ్గర వదిలి వచ్చాను. మూసిందాన్ని డబ్బాలో పెట్టబోతూ ఒక్కసారి, పాట లేకుండానే, చెవులకు పెట్టుకున్నాను. పత్తి గది. వెచ్చగా, గింజల వాసన, నా గుండె చప్పుడు. అది నాకు కావాలి అన్నాను కదా, ఇప్పుడూ కావాలి, అబద్ధం ఎందుకు. ఒక రోజు మళ్లీ కొనుక్కుంటాను, నాకోసం. ఇవాళ మాత్రం తీసి, డొప్పలు తుడిచి, తీగ చుట్టి, డబ్బాలో పడుకోబెట్టి ఇచ్చేశాను. "ఏదుంచుకున్నవక్కా?" గుసగుసగా అడిగాడు.

"కారేదే ఉంచుకున్న" అన్నాను. గట్టిగా అన్నాను. హనుమండ్లు అదిరిపడి బూట్లవంక చూశాడు, నావంక చూశాడు, మళ్లీ బూట్లవంక చూశాడు. "బండి ఇంటిదాక తెచ్చుకో ఇగ. మొన్నటి లెక్క గాదు."

లోపలికి వచ్చి కుక్కర్‌లో పప్పు పెట్టాను. పొయ్యి ముందు నిలబడితే చేతికి గరిటె దానంతట అదే వచ్చింది. బరువు వణకడం మొదలైంది, నా చెయ్యి లేచింది. గరిటె కింద పెట్టి, ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాను. కూసింది. ఇల్లంతా, గల్లీ దాకా, సిగ్గూ ఎగ్గూ లేకుండా కూసింది. కాళ్లు బాయి గేటువైపు పోదామన్నాయి, పోనివ్వలేదు. ఆవిరి తగ్గాక చెవి రిక్కించాను. లోపలి గదిలో గరగర ఆగలేదు. రెండోసారి కూసింది. ఆగలేదు. నేను కళ్లు తుడుచుకుని మూడో కూత కోసం నిలబడ్డాను.